లారా ఫాస్టర్ కౌంటీలో పాటల తిరునాళ్ళు

చనిపోయిన కొడుకు పేరు మీద ఒక తండ్రి నిలబెట్టిన తిరునాళ్ళు అది. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం, విల్క్స్ కౌంటీ, విల్క్స్‌బరో అనే చిన్న ఊరు. అక్కడి కమ్యూనిటీ కాలేజీ ఆవరణలో ఏటా ఏప్రిల్ చివర నాలుగు రోజుల పాటు జరుగుతుంది. పేరు మెర్ల్‌ఫెస్ట్. చూపు లేని గిటార్ విద్వాంసుడు డాక్ వాట్సన్‌కి పక్కన కూర్చుని ఊరూరా వాయించిన కొడుకు మెర్ల్, 1985లో ట్రాక్టర్ ప్రమాదంలో ముప్ఫై ఆరేళ్ళకే పోయాడు. అతని జ్ఞాపకార్థం కాలేజీలో ఒక తోట వేయడానికి నిధుల కోసం 1988లో పెట్టిన కచేరీ ఏటేటా పెరిగి ఇంత పెద్దదయింది. ఇక్కడ ఏ రకం పాట పాడొచ్చు అని అడిగితే డాక్ వాట్సన్ దానికి 'సంప్రదాయం ప్లస్' అని పేరు పెట్టాడు. కొండప్రాంతపు పాత పాట, దాన్నించి పుట్టిన బ్లూగ్రాస్, ఆపైన మనసుకి నచ్చిన ఇంకేదైనా సరేనని అర్థం.

ఉద్యోగరీత్యా ఈ రాష్ట్రంలో ఉంటున్నదాన్ని కనుక ఆ తిరునాళ్ళకి కొన్నిసార్లు వెళ్ళాను. తెల్లవాళ్ళ పల్లెపాటలు నీకెందుకే అని స్నేహితులు నవ్వారు. పాలకొల్లు నుంచి వచ్చిన శ్రీనివాస్ మాండొలిన్ విన్న చెవులకి, ద్వారం వెంకటస్వామి నాయుడి ఫిడేలు గురించి కథలు కథలుగా విని పెరిగినదానికి, ఆ రెండు వాయిద్యాలూ ఇంకో కొండజాతి చేతుల్లో ఏం చేస్తున్నాయో తెలుసుకోవాలని ఉండదా? మొదట వాయిద్యాల కోసమే వెళ్ళాను. కానీ రెండోసారి వెళ్ళేసరికి వాయిద్యాల కంటే వాటిని పట్టుకున్న చేతుల మీదికి నా చూపు పోయింది. ఎవరు పాడుతున్నారు, ఎవరు వాయిస్తున్నారు, పాట లోపల ఎవరు చస్తున్నారు? ఈ మూడు ప్రశ్నల చుట్టూనే ఈ వ్యాసం.

మూడోదాంతో మొదలుపెడతాను.

1866లో ఈ విల్క్స్ కౌంటీలో లారా ఫాస్టర్ అనే యువతి ఒక ఉదయం తండ్రి గుర్రం ఎక్కి ఇంట్లోంచి వెళ్ళి తిరిగి రాలేదు. నెలలు గడిచాక తక్కువ లోతు గోతిలో, కత్తిపోటుతో ఆమె శవం దొరికింది. అంతర్యుద్ధం నుంచి తిరిగొచ్చిన టామ్ డ్యూలా అనే సైనికుడి మీద నేరం రుజువయ్యి 1868లో స్టేట్స్‌విల్‌లో ఉరి తీశారు. అతనితో సంబంధం ఉన్న ఆన్ మెల్టన్ అనే ఇంకో స్త్రీని కూడా జైల్లో పెట్టి, చివరికి విడిచిపెట్టారు. వాళ్ళిద్దర్నీ ఉంచిన పాత జైలు విల్క్స్‌బరోలో ఇప్పుడు మ్యూజియం. ఆ కొండల్లో ఈ ఉదంతం పాటయింది. డ్యూలా అక్కడి ఉచ్చారణలో 'డూలీ' అయ్యాడు. 1958లో కింగ్‌స్టన్ ట్రియో అనే ముగ్గురు కుర్రాళ్ళ రికార్డు ఆ పాటని దేశమంతా మోసుకెళ్ళింది. అమెరికాలో జానపద గీతాల పునరుజ్జీవనం అని చెప్పుకునే ఉప్పెనకి ఈ పాటే మొదటి పెద్ద అల.

ఆ పాట పేరేమిటి? 'టామ్ డూలీ'. హంతకుడి పేరు. పాటలో జాలి అంతా తెల్లారితే ఉరికంబం ఎక్కబోయే మగవాడి మీద. చచ్చినదానికి ఆ జాలిలో వాటా లేదు. ఆమె పాటకి ఒక సందర్భం, అంతే. డాక్ వాట్సన్ 1964లో వచ్చిన తన మొదటి సొంత రికార్డులో ఈ పాట పాడాడు. అదే రికార్డులో 'ఓమీ వైజ్' కూడా ఉంది. అది ఇదే రాష్ట్రంలో రాండాల్ఫ్ కౌంటీలో పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో నదిలో ముంచి చంపబడ్డ నయోమీ వైజ్ కథ. పెళ్ళాడతానని నమ్మించినవాడే ముంచేశాడని పాట చెబుతుంది. ఇలాంటివి ఈ సంప్రదాయంలో ఒకటీ రెండూ కావు. నది, అడవి, కత్తి, గర్భం, పెళ్ళి మాట. ఈ అయిదూ కలిస్తే ఒక పాట. మెలొడీ ఎంత బాగుంటుందంటే పిల్లలు కూడా చప్పట్లు కొడుతూ పాడతారు. నా పక్కన గడ్డి మీద కూర్చున్న అయిదారేళ్ళ పాప అలా పాడుతుంటే విన్నాను. ఆ పాప నోట్లో ఆ మాటలకి ఇంకా అర్థం లేదు. కానీ అర్థం రాకముందే చేరిపోయేవే కదా మనలో అన్నిటికన్నా లోతుగా పాతుకునేవి!

మన దగ్గర ఇలాంటి స్త్రీలు ఏమవుతారో మీకు తెలుసు. మొగుడి చేతిలోనో, అత్త ఆరళ్ళకో, నిందకో బలైనవాళ్ళు పేరంటాళ్ళవుతారు. ఊరి పొలిమేరలో గుడి కడతారు, పసుపు కుంకుమలు పెడతారు, ఏడాదికోసారి తిరునాళ్ళు చేస్తారు. చంపినవాళ్ళే పూజ చేయించుకునే ఆ ఏర్పాటు కుట్ర గురించి మన పరిశోధకులు చాలా రాశారు. నేను ఆ అపలాచియన్ పాటలు విన్నప్పుడల్లా, పేరంటాలు కనీసం తన పేరుతో తిరునాళ్ళు జరిపించుకుంటుంది కదా అనుకుంటాను. లారా ఫాస్టర్‌కి అదీ లేదు. ఆమె కౌంటీలో జరిగే తిరునాళ్ళకి మగపిల్లాడి పేరుంది.

దీనికి జవాబు చెప్పిన స్త్రీలు లేకపోలేదు. ఈ తిరునాళ్ళలో క్రిస్ ఆస్టిన్ పేరు మీద కొత్త పాటలకి పోటీ జరుగుతుంది. అందులో గెలిచినవాళ్ళలో గిలియన్ వెల్చ్ ఒకరు. 1998లో ఆమె రికార్డు చేసిన 'కేలెబ్ మేయర్' పాటలో మొగుడు ఊళ్ళో లేని సమయం చూసి ఒకడు ఇంటిమీదికొస్తాడు. అత్యాచారం చేయబోతాడు. ఆమె చేతికి పగిలిన సీసా దొరుకుతుంది. చచ్చేది వాడు. పాట చెప్పేది ఆమె, తన పేరుతో, తన నోటితో. నాకు ఈ పాటలో అన్నిటికన్నా నచ్చింది ఆ చావు కాదు. చంపాక కూడా వాడి దయ్యం ఆమెని వదలదు. రాత్రిళ్ళు సంకెళ్ళ చప్పుడులా వస్తూనే ఉంటాడు. పాత పాటల్లో మగాడికి దక్కిన ఆ అంతర్మథనాన్ని వెల్చ్ స్త్రీకి ఇచ్చింది. ప్రతీకారం తీర్చుకున్న స్త్రీ తేలిగ్గా నవ్వుతూ వెళ్ళిపోయే సినిమా ముగింపుల కంటే ఇది ఎంతో నిజాయితీ ఉన్న రచన.

ఇక వేదిక మీదికి వద్దాం. బ్లూగ్రాస్ అనే మాట తెలియనివాళ్ళకి రెండు మాటలు. కెంటకీకి చెందిన బిల్ మన్రో 1940లలో రూపమిచ్చిన సంగీతం ఇది. బాంజో, ఫిడేలు, మాండొలిన్, గిటార్, నిలువెత్తు బాస్. వేగం ఎక్కువ. గొంతు చాలా పై స్థాయిలో, గీసినట్టు ఉంటుంది. చరణానికీ చరణానికీ మధ్య ఒక్కొక్క వాద్యకారుడు ముందుకొచ్చి తన పనితనం చూపిస్తాడు. దాన్ని 'బ్రేక్' అంటారు. మన్రో బృందం పేరు బ్లూ గ్రాస్ బాయ్స్. సంగీతానికి పేరొచ్చింది ఆ బృందం నుంచే. 'బాయ్స్' అన్నది సంగీతం పేరులోంచి రాలిపోయింది గానీ వేదిక మీంచి రాలిపోవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

అసలు విచిత్రమేమిటంటే ఆ 'బాయ్స్'లో మొదటినుంచీ ఆడవాళ్ళున్నారు. శాలీ ఆన్ ఫారెస్టర్ 1943 నుంచి 1946 దాకా మన్రో బృందంలో అకార్డియన్ వాయించింది, పాడింది. ఆమె భర్త ఆ బృందంలో ఫిడేలు వాద్యకారుడు. అతను యుద్ధంలో నౌకాదళానికి వెళ్ళినా ఆమె బృందంలోనే ఉంది. 1945 ఫిబ్రవరి రికార్డింగుల్లో ఆమె అకార్డియన్ స్పష్టంగా వినిపిస్తుంది. అయితే బ్లూగ్రాస్ ఎప్పుడు పుట్టింది అంటే చరిత్రకారులు చాలామంది చెప్పే తేదీ 1945 డిసెంబరు. అప్పుడే ఎర్ల్ స్క్రగ్స్ తన మూడు వేళ్ళ బాంజోతో ఆ బృందంలో చేరాడు. అకార్డియన్ ఉన్నది బ్లూగ్రాస్ కాదు, బాంజో వచ్చాకే బ్లూగ్రాస్. గీత ఎక్కడ గీశారో చూడండి! ఒక స్త్రీ సరిగ్గా గీతకి అవతల పడిపోయేలా గీశారు. ఎవరూ కూర్చుని కుట్ర చేసి ఉండకపోవచ్చు. సాహిత్య చరిత్రల్లో 'యుగ విభజన' చేసేటప్పుడు మన కవయిత్రులు ఏ గీతకి అటుపక్క మిగిలిపోయారో గుర్తు చేసుకుంటే ఇది కొత్తగా అనిపించదు.

తర్వాత బెస్సీ లీ మాల్డిన్. 1950ల నడుమ నుంచి 1960ల తొలి సంవత్సరాల దాకా మన్రో రికార్డింగుల్లో చాలావాటికి బాస్ వాయించింది ఆమే. మన్రోతో ఆమె సహజీవనం గురించి అందరికీ తెలుసు. ఆ గుసగుసల్లో ఆమె బాస్ వినపడకుండా పోయింది. బృందానికి కాలప్రమాణం పట్టి ఉంచేది బాస్. అది ఆగితే పాట కుప్పకూలుతుంది. కానీ బాస్‌కి బ్రేక్ దాదాపు ఉండదు. భార్యకో, చెల్లెలికో, కూతురికో బాస్ ఇవ్వడం ఈ బృందాల్లో ఆనవాయితీ అయింది. వెనక నిలబడి అందరికీ ఆధారమిస్తూ ఎవరి కళ్ళల్లోనూ పడకుండా ఉండే పని. ఇంటిపనికి ఇంతకంటే కచ్చితమైన ఉపమానం సంగీతంలో ఎక్కడుంటుంది?

1965లో వర్జీనియాలో ఫిన్‌కాజిల్ దగ్గర కార్ల్‌టన్ హేనీ అనే నిర్వాహకుడు మొట్టమొదటి బహుదిన బ్లూగ్రాస్ ఫెస్టివల్ పెట్టాడు. అక్కడ ఆదివారం నాటి ముఖ్య కార్యక్రమం 'బ్లూగ్రాస్ కథ'. మన్రోని మధ్యలో నిలబెట్టి, ఒకప్పుడు అతని దగ్గర పనిచేసినవాళ్ళని ఒక్కొక్కర్నీ వేదిక మీదికి పిలుస్తూ ఆ సంగీతపు వంశవృక్షాన్ని జనం కళ్ళముందు నాటారు. అంటే ఈ తిరునాళ్ళ అనే రూపమే పితృదేవతారాధనగా పుట్టింది. మెర్ల్‌ఫెస్ట్ దాన్ని తలకిందులు చేసి తండ్రి కొడుక్కి చేసిన కర్మ అయింది. రెంటిలోనూ వంశం మగదే.

ఆ వంశవృక్షానికి ఇంకో వేరు ఉంది. 1927లో వర్జీనియా, టెనెసీ సరిహద్దులోని బ్రిస్టల్‌లో కార్టర్ కుటుంబం మొదటి రికార్డింగుకి వెళ్ళింది. శారా కార్టర్ చంకలో పాలు తాగే బిడ్డ, ఆమె తోడికోడలు మేబెల్ కడుపుతో ఉంది. మేబెల్ బొటనవేలితో మంద్ర తీగల మీద రాగం పలికిస్తూ మిగతా వేళ్ళతో తాళం వేసే పద్ధతిని రికార్డుల్లోకి తెచ్చింది. తర్వాత గిటార్ పట్టిన ప్రతి మగవాడూ, డాక్ వాట్సన్‌తో సహా, ఆమె దగ్గర నేర్చుకున్నవాడే. అంతర్జాతీయ బ్లూగ్రాస్ సంఘం 1990 నుంచి ఏటా పురస్కారాలిస్తోంది. గాత్రానికి మొదటినుంచీ స్త్రీలకి వేరే విభాగం ఉంది కాబట్టి అక్కడ గొడవ లేదు. వాయిద్యాల దగ్గరే తేలుతుంది అసలు సంగతి. బాంజోకి 1991లో ఆలిసన్ బ్రౌన్, బాస్‌కి 1998లో మిస్సీ రైన్స్, మాండొలిన్‌కి 2016లో సియెరా హల్. గిటార్‌కి మాత్రం ఒక స్త్రీ పేరు రావడానికి 2017 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ పేరు మాలీ టటిల్. మేబెల్ కార్టర్ బ్రిస్టల్ వెళ్ళిన తర్వాత తొంభై ఏళ్ళకి.

ఈ చరిత్రని పోగుచేసింది మర్ఫీ హిక్స్ హెన్రీ. తనూ బాంజో వాద్యకారిణే. 1994 నుంచి 'బ్లూగ్రాస్‌లో స్త్రీలు' అన్న పేరుతో చిన్న పత్రిక నడిపింది. ఎవరూ అడగని పేర్లు, ఎవరూ దాచని ఫొటోలు, చనిపోబోతున్న ముసలమ్మల జ్ఞాపకాలు అందులో వేసింది. 2013లో అదంతా పెద్ద పుస్తకంగా వచ్చింది. పేరు 'ప్రెటీ గుడ్ ఫర్ ఎ గర్ల్'. ఆడపిల్లయినా బాగానే వాయిస్తుందే అని మెచ్చుకోలులా అతికించే మాట అది. ఆ మాటనే అట్ట మీదికి ఎక్కించడంలో హెన్రీ గడుసుతనం ఉంది. పుస్తకం నిండా డెబ్భై మందికి పైగా స్త్రీల జీవితకథలున్నాయి. నా మటుకు నాకు ఇది ఈ రంగానికి వచ్చిన అతి ముఖ్యమైన పుస్తకం. అయితే అది వాద్యకారిణుల వరస. పాట లోపలి స్త్రీ గురించి దానికి పెద్ద పట్టింపు లేదు. వేదిక మీద ఎంతమంది స్త్రీలున్నారన్న లెక్క, వాళ్ళు పాడేదాంట్లో స్త్రీకి ఏమవుతోందన్న ప్రశ్నకి జవాబు కాదు.

ఆ మెచ్చుకోలుని నేనూ చెవులారా విన్నాను. తిరునాళ్ళలో పెద్ద వేదికలకి దూరంగా గుడారాల కింద ఎవరి వాయిద్యాలు వాళ్ళు తెచ్చుకుని గుండ్రంగా నిలబడి వాయించే చోట్లుంటాయి. అక్కడ బ్రేక్ ఎవరికివ్వాలో కనుసైగతో, తల ఊపుతో చెప్పుకుంటారు. ఎనిమిదిమంది మగవాళ్ళు, బాస్ మీద ఒక పెద్దావిడ, మాండొలిన్‌తో పదహారేళ్ళ పిల్ల. తల ఊపు ఆ పిల్ల దాకా వచ్చి పక్కవాడి మీదికి దూకేస్తోంది. రెండు పాటలయ్యాయి. ఎవరికీ దురుద్దేశం లేదు, వాళ్ళ మెడలకి ఆ అలవాటే ఉంది. మూడో పాటలో బాస్ వాయించే ఆవిడ వాయిస్తూ వాయిస్తూనే "మాండొలిన్!" అని గట్టిగా అరిచింది. పిల్ల ఉలిక్కిపడి అందుకుంది. అద్భుతంగా వాయించిందని అనలేను. మధ్యలో ఒకచోట తడబడింది, తేరుకుంది. పాట అయ్యాక ఒకాయన నవ్వుతూ అన్నాడు ఆ మాటే, పుస్తకం అట్ట మీది మాట. పిల్ల థాంక్యూ అంది. బాస్ ఆవిడ నా వైపు చూసి కనుబొమలెగరేసింది. నేనెవరో ఆవిడకి తెలియదు, అయినా నాకు అర్థమవుతుందని ఆవిడకి తెలుసు.

ఇప్పుడు హేజల్ డికెన్స్ గురించి రాయాలి. నన్నడిగితే ఈ సంగీతం మొత్తంలో తక్కినవాళ్ళంతా ఒక ఎత్తు, ఆమె ఒక ఎత్తు.

వెస్ట్ వర్జీనియా బొగ్గు కొండల్లో మెర్సర్ కౌంటీలో 1925లో పుట్టింది. పదకొండుమంది పిల్లల్లో ఒకతె. తండ్రి బాప్టిస్టు బోధకుడు, గనులకి కలప తోలేవాడు. అన్నదమ్ములు గనుల్లోకి దిగారు. బొగ్గుధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుని వచ్చే జబ్బుతో అన్న థర్మన్ పోయాడు. హేజల్ వలసపోయి బాల్టిమోర్ చేరింది, ఫ్యాక్టరీల్లో, దుకాణాల్లో పనిచేసింది. అక్కడే ఆలిస్ జెరార్డ్ పరిచయమైంది. ఆలిస్ పుట్టింది సియాటిల్‌లో, కాలేజీ చదువు చదివినది, కొండపాట మీద ప్రేమతో వచ్చినది. ఆలిస్ భర్త 1964లో కారు ప్రమాదంలో చనిపోయాడు. నలుగురు పిల్లలు. ఈ ఇద్దరూ కలిసి 1965లో ఫోక్‌వేస్ సంస్థకి చేసిన రికార్డు, ఆ తర్వాత 1973లో రౌండర్‌కి చేసిన 'హేజల్ అండ్ ఆలిస్' వింటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఎందుకు? అందమైన గొంతులని కాదు. ఆడవాళ్ళు పాడితే తియ్యగా ఉండాలన్న షరతుని ఆ ఇద్దరూ పట్టించుకోలేదు. మన్రో, స్టాన్లీ సోదరులు ఎలా గొంతు గీరుకుంటూ పాడేవారో అలాగే ఎదురెదురుగా పాడారు. హేజల్ గొంతు మొద్దుకత్తితో కోసినట్టుంటుంది. మెత్తదనం కోసం ఒక్క స్వరాన్ని కూడా గుండ్రంగా చుట్టదు. కూలిపనికి పోయేవాళ్ళు పొలంలో అటు గట్టు మీంచి ఇటు గట్టుకి వేసే కేక ఉంటుంది చూడండి, దానికి దగ్గర. మనం 'మధుర గాయని' అన్న బిరుదుని స్త్రీలకి ఎంత ఉదారంగా పంచిపెడతామో! మాధుర్యం లేని స్త్రీ గొంతుకి మన దగ్గర పేరు కూడా లేదు. మోటూరి ఉదయం లాంటివాళ్ళు బుర్రకథ పట్టుకుని ఊళ్ళు తిరిగినప్పుడు ఆ గొంతు ఎలా ఉండేదో రికార్డుల్లో సరిగ్గా మిగుల్చుకోలేకపోయాం.

హేజల్ రాసిన ఒక పాట పేరుని తెలుగులో చెప్పాలంటే, 'ఆమెని కించపరచకు, ఆమెనక్కడికి దింపడంలో నీ చెయ్యీ ఉంది'. తాగుడు దుకాణాల్లో కనిపించే, 'చెడిపోయింది' అని ముద్రపడ్డ స్త్రీ గురించి. దేశీయ సంగీతంలో అలాంటి స్త్రీ మీద వందల పాటలున్నాయి. వాటిలో ఆమె ఒక హెచ్చరిక. హేజల్ పాటలో వేలు ఎటు తిరిగిందో శీర్షికే చెబుతోంది. ఆమె సిద్ధాంత గ్రంథాలు చదివి రాయలేదు, బాల్టిమోర్ బార్లలో పాడుతూ చూసి రాసింది. అందుకే పాటలో ఉపన్యాసం లేదు, ఎదుటి మనిషిని నిలదీసే మాట ఉంది. మన స్త్రీవాద కవిత్వం తొలిరోజుల్లో చాలా కవితలు 'మీరు' అని మొత్తం పురుషజాతిని సంబోధిస్తాయి. హేజల్ 'నువ్వు' అంటుంది. ఆ ఏకవచనంలో తప్పించుకునే దారి లేదు.

బార్బరా కాపుల్ తీసిన 'హార్లన్ కౌంటీ యు.ఎస్.ఎ.' 1976 నాటి డాక్యుమెంటరీ, ఆస్కార్ వచ్చింది. కెంటకీలో గని కార్మికుల సమ్మె మీద. కోర్టు ఉత్తర్వుతో మగవాళ్ళ పికెటింగ్‌కి కళ్ళెం వేస్తే వాళ్ళ భార్యలు రోడ్డు మీదికొచ్చి అడ్డంగా నిలబడ్డ సమ్మె అది. ఆ సినిమాకి హేజల్ పాటలు వెన్నెముక. అన్న చావు మీద ఆమె రాసిన పాట అందులో వింటే, శోకగీతం ఎక్కడ ఆగి అభియోగపత్రం ఎక్కడ మొదలవుతుందో చెప్పలేం.

ఇక్కడ ఒక మెలిక. 2001లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వారెన్ హెల్‌మన్ అనే కోటీశ్వరుడు, పెట్టుబడుల వ్యాపారి, తన డబ్బుతో ఉచితంగా ఒక బ్లూగ్రాస్ ఫెస్టివల్ మొదలుపెట్టాడు. హేజల్ అంటే అతనికి వల్లమాలిన అభిమానం. ఆమె ఆ వేదిక మీద యూనియన్ పాటలు పాడింది. పెట్టుబడిదారు సొంత ఖర్చుతో పెట్టిన వేదిక మీద పెట్టుబడి మీద నిప్పులు చెరిగే పాట! దీన్ని విజయమనాలా, జీర్ణమైపోవడమనాలా? తిరునాళ్ళు ఒక మింగేసే యంత్రం. హత్య పాటా, సమ్మె పాటా, భజనా, ప్రేమపాటా ఒకే మధ్యాహ్నం ఒకే గడ్డి మీద, చేతిలో నిమ్మరసంతో వింటాం. అన్నిటికీ అవే చప్పట్లు. అయినా హేజల్ గొంతు పూర్తిగా మింగుడు పడదని నేననుకుంటాను. అందులో ఉన్న ముల్లు అలాంటిది. 2011లో ఆమె చనిపోయింది. 2017లో ఆ ఇద్దరి పేర్లూ బ్లూగ్రాస్ గౌరవ మందిరంలోకి ఎక్కాయి, ఒకరి తర్వాత ఆరేళ్ళకి.

ఇంతదాకా చెప్పిందంతా తెల్ల స్త్రీల కథ. గడ్డి మీద కూర్చుని చుట్టూ చూస్తే వేల ముఖాల్లో గోధుమరంగువి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు, నల్లవి అంతకంటే తక్కువ. కానీ బాంజో ఆఫ్రికా నుంచి బానిసలుగా తేబడ్డవాళ్ళ జ్ఞాపకంలోంచి వచ్చిన వాయిద్యం. కార్టర్ కుటుంబానికి పాటలు సేకరించడంలో తోడు తిరిగి, మేబెల్‌కి గిటార్ మెళకువలు చూపించిన లెస్లీ రిడిల్ నల్లజాతివాడు. ఎలిజబెత్ కాటన్ ఇదే రాష్ట్రంలో చాపెల్ హిల్ దగ్గర పుట్టింది. చిన్నతనంలోనే ఒక పాట కట్టుకుంది, 'ఫ్రైట్ ట్రెయిన్' అని. గిటార్‌ని ఎడమచేత్తో, తలకిందులుగా పట్టుకుని వాయించేది. తర్వాత దశాబ్దాల పాటు వాయించనే లేదు. ఇళ్ళల్లో పనిచేసింది. సీగర్ కుటుంబం సంగీతజ్ఞుల కుటుంబం. వాళ్ళింట్లో పనికి కుదిరాక గోడకున్న గిటార్ తీసి మళ్ళీ వాయించింది. ఆ ఇంటి పిల్లలు విని ఆశ్చర్యపోయారు. వాళ్ళలో ఒకమ్మాయి ఇంగ్లండ్ వెళ్ళి ఆ పాట పాడితే, అక్కడ ఇద్దరు మగవాళ్ళు తమ పేరు మీద రాయించుకున్నారు. 1957లో అది అక్కడ హిట్. పాట కట్టిన మనిషి వాషింగ్టన్‌లో అంట్లు కడుగుతోంది. ఆమె పేరు ఆమెకి తిరిగి రావడానికి పోరాటమే అయింది. చివరికి గౌరవాలూ గ్రామీ అవార్డూ వచ్చేసరికి ఆమెకి తొంభై దాటాయి.

ఈ కథని చాలామంది ఒక అద్భుతంలా చెబుతారు, పనిమనిషిలో కళాకారిణి దొరికిందని. నాకు చెప్పే తీరు మీదే అభ్యంతరం. ఎవరికి 'దొరికింది'? దప్పు కొట్టే చేతుల్ని ఊరవతల ఉంచి, దప్పు దరువుని మాత్రం సినిమా పాటలోకి తెచ్చుకున్నవాళ్ళం మనం. మనకి ఈ 'దొరకడం' వెనక ఏముందో విడమరిచి చెప్పాలా?

గ్రీన్స్‌బరోలో పుట్టిన రియానన్ గిడెన్స్ 2017లో రాలీ నగరంలో బ్లూగ్రాస్ సంఘం సభలో కీలకోపన్యాసం చేసింది. ఈ సంగీతంలోకి వైవిధ్యాన్ని ఎలా తేవాలి అన్న ప్రశ్ననే ఆమె సరిదిద్దింది. మొదట్నుంచీ ఉన్నదాన్ని వెళ్ళగొట్టారు, తిరిగి ఎలా తెచ్చుకోవాలి అని అడగమంది. ఆమె మాట ఉత్త మాట కాదు. మెబేన్ ఊళ్ళో ముసలి ఫిడేలు విద్వాంసుడు జో థామ్సన్ దగ్గర కూర్చుని నేర్చుకుంది, కరోలినా చాక్లెట్ డ్రాప్స్ బృందంతో ఆ పాటల్ని వేదికలెక్కించింది. 2019లో మరో ముగ్గురు నల్లజాతి స్త్రీలతో, నలుగురి చేతుల్లోనూ బాంజోలతో, బానిస స్త్రీల గొంతుల్ని ఊహించి రికార్డు చేసింది. 2025 ఏప్రిల్‌లో ఆమె డర్హమ్‌లో తన సొంత ఫెస్టివల్ పెట్టింది, 'బిస్కట్స్ అండ్ బాంజోస్'. అదే వారాంతం విల్క్స్‌బరోలో మెర్ల్‌ఫెస్ట్. ఒకే రాష్ట్రం, ఒకే మూడు రోజులు. ఉన్న వేదిక మీద చోటు అడగడమా, వేరే వేదిక కట్టుకోవడమా అన్న చర్చ మన పత్రికల్లో ఎన్నిసార్లు చేసుకున్నాం! గిడెన్స్ రెండూ చేసింది. నా వరకు నేను రెండో పనికే ఎక్కువ మార్కులు వేస్తాను.

మాలీ టటిల్ గురించి ఒక్క మాట. మూడేళ్ళ వయసునుంచీ ఆమెకి అలొపీషియా, ఒంటిమీద వెంట్రుక నిలవని జబ్బు. విగ్గు పెట్టుకుని వేదికెక్కుతుంది. 'క్రుకెడ్ ట్రీ' అన్న తన పాట పాడేటప్పుడు కచేరీల్లో ఆ విగ్గు తీసేస్తుంది. వంకర చెట్టుని కలపమిల్లు ముట్టుకోదన్న భావం మీద నడిచే పాట. గిటార్ మీద ఆమె వేగం చూసి నోరెళ్ళబెట్టే కుర్రాళ్ళు ఆ క్షణంలో ఎటు చూడాలో తెలియక బిక్కచచ్చిపోతారు. చెప్పొద్దూ, ఆమె వేగం నన్నంతగా కదిలించదు. మగవాళ్ళు పెట్టిన పరుగుపందెంలో మగవాళ్ళ కంటే ముందు పరిగెత్తడం గొప్పే. విగ్గు తీసిన ఆ చెయ్యి మాత్రం పందెం గీతనే చెరిపేసింది.

మెర్ల్ తల్లి పేరు రోజా లీ. ఫిడేలు విద్వాంసుడు గేథర్ కార్ల్‌టన్ కూతురు. ఇంట్లో అందరూ కలిసి పాడిన పాత రికార్డుల్లో ఆమె గొంతుంది. భర్తా కొడుకూ కచేరీలకి ఊళ్ళు తిరుగుతుంటే ఇల్లు కనిపెట్టుకుని ఉన్నది ఆమె. భార్యాభర్తల్లో ఒకరు ముందు వెళ్ళిపోయే రోజు గురించి ఒక పాట ఉంది, 'యువర్ లాంగ్ జర్నీ'. 2007లో రాబర్ట్ ప్లాంట్, ఆలిసన్ క్రాస్ కలిసి చేసిన 'రైజింగ్ శాండ్' రికార్డులో ఆఖరి పాట అదే. ఆ రికార్డుకి గ్రామీల్లో ఆ ఏటి మేటి ఆల్బమ్ పురస్కారం వచ్చింది. దాని మీద పాట కట్టినవాళ్ళుగా డాక్ వాట్సన్, రోజా లీ వాట్సన్ అని ఇద్దరి పేర్లూ ఉంటాయి. 2012 మే నెలలో డాక్ పోయాడు. నవంబరులో ఆమె పోయింది.